తెల్లచీర, ఒంటికన్ను లైటు: కడప నుంచి రామగిరి దాకా నాలుగు రాత్రులు

దయ్యం కనిపించే రోడ్డు లేని మండలం రాయలసీమలో దొరకడం కష్టం. కథ కూడా ఊరూరికీ పెద్దగా మారదు. మలుపులో చెయ్యెత్తి బండి ఆపమనే తెల్లచీర ఆడమనిషి, చింతచెట్టు కింద వెలిగి ఆరే బీడీ నిప్పు, పొలాల మీదుగా బండితో పాటే పరిగెత్తే కొరివి దయ్యం, ఉన్నట్టుండి బరువెక్కే బైకు వెనక సీటు. చెప్పేవాళ్ళలో అబద్ధాలకోరులు తక్కువే. ఏదో ఒకటి నిజంగానే చూసి ఉంటారు. అదేమిటో తేల్చుకోకుండా ఇంటిదారి పట్టి ఉంటారు, అంతే.

ఈ ప్రయాణం ఆ తేల్చుకునే పని కోసం. కడపలో మొదలై సిద్ధవటం, గండికోట, బెలుం, తాడిపత్రి మీదుగా రామగిరి గాలిమరల దగ్గర ముగుస్తుంది. పాటించాల్సింది ఒకటే: ఏ రోడ్డునైనా ముందు పగలు చూడాలి, అదే రాత్రి చూడాలి, తెల్లారి మళ్ళీ పోయి చూడాలి. మూడోసారికి బద్ధకించినవాళ్ళ దగ్గరే కథలు మిగులుతాయి.

డిసెంబరు, ఫిబ్రవరి మధ్య బయల్దేరడం మంచిది. వాన బెడద తక్కువ, ఆకాశం తేటగా ఉంటుంది, పాములు తక్కువ తిరుగుతాయి. అమావాస్యకు నాలుగు రోజుల ముందు మొదలుపెడితే, చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా పొడుస్తాడు కాబట్టి, ఏ రాత్రయినా తెల్లవారుజాము మూడు దాకా చీకటి దొరుకుతుంది. ముగ్గురుంటే చాలు: ఒకరు నడపడానికి, ఒకరు చూడటానికి, ఒకరు రాయడానికి. నలుగురైదుగురైతే ఒకరి భయం ఇంకొకరికి అంటుకుంటుంది. సామాను పెద్దగా అక్కర్లేదు. టార్చిలు రెండు, అందులో ఒకదానికి ఎర్ర జిలుగు కాగితం చుట్టాలి. 7×50 గానీ 10×50 గానీ బైనాక్యులర్స్, ఫోను నిలబెట్టే చిన్న స్టాండు, మెరిసే పట్టీలున్న జాకెట్లు, దిక్సూచి, ఐదు లీటర్ల నీళ్ళు, గుర్తింపు కార్డులు. రాసుకోవడానికి కాగితం పుస్తకమే మేలు. ఫోను తెర వెలిగిందంటే చీకటికి అలవాటుపడ్డ కళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి.

మొదటి రోజు: కడప, సిద్ధవటం, అట్లూరు దారి

పొద్దున కడపలో ఎర్రకారం దోసె తిని నేరుగా సిద్ధవటం పోవాలి. ముందు చేయాల్సిన పని స్థానిక పోలీసు స్టేషనులో ఒక మాట చెప్పడం. ఇది లంకమల అడవి పక్కనున్న ఎర్రచందనం ప్రాంతం. రాత్రి పదకొండుకు అడవి అంచున టార్చి వేసుకుని నిలబడ్డ కొత్తమనుషులను ఎవరూ దయ్యాల పరిశోధకులని అనుకోరు. అడవిలోకి అడుగు పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఈ పనికి దాని అవసరమే లేదు, తారు రోడ్డు చాలు.

పగటి పని రెండు గంటలు. ఏదైనా ఐదు కిలోమీటర్ల ముక్క ఎంచుకుని, రోడ్డు పక్కన తెల్లగా ఉన్నదల్లా కిలోమీటరు రాయి లెక్కన రాసుకుంటూ పోవాలి. మోరీ గోడలు, సున్నం కొట్టిన చెట్ల మొదళ్ళు, సమాధులు, గుడి అరుగులు, విరిగిన మలుపు బోర్డులు. ముఖ్యంగా చీరలు. అడవి పందులు పడకుండా వేరుశనగ చేలకు చుట్టూ పాత చీరలు కట్టడం ఇక్కడ మామూలు. మూడు నాలుగడుగుల కర్రలకు పై అంచు కట్టేసి కింది అంచు వదిలేస్తారు. గాలి వీచినప్పుడల్లా కింది భాగం ముందుకు అడుగేసినట్టు లేస్తుంది, గాలి తగ్గగానే వెనక్కి పోతుంది. పగలు చూస్తే పసుపు, గులాబీ, లేత నీలం, అన్ని రంగులూ ఉంటాయి. రాత్రికి అన్నీ తెల్లచీరలే. మసక వెలుతురులో చూసే కంటి కణాలకు రంగు తెలియదు, లేత రంగేదైనా వాటికి తెలుపే.

మనుషులను అడిగే పద్ధతి ఒకటుంది. టీ అంగడి దగ్గర ‘ఇక్కడ దయ్యం ఉందంట కదన్నా’ అన్నారంటే నవ్వి, మీకు కావలసిన కథే చెప్పి పంపిస్తారు. ‘రాత్రిపూట ఈ రోడ్డులో బండి యాడ నిదానంగా పోనియ్యాల పెద్దాయనా?’ అని అడిగి చూడండి. ‘ఆ మోరీ కాడ సామీ, ఎద్దులు అడ్డం వస్తాయి, ముందు నెల్లో ఒకాయన పడినాడు’ అని పనికొచ్చే మాట వస్తుంది. దయ్యం కనిపించే చోటు, బండ్లు పడే చోటు చాలాసార్లు ఒక్కటే అవుతాయి. అక్కడ మలుపో, పల్లమో, ఎదురు లైటు కళ్ళల్లో కొట్టే ఎత్తో ఉంటుంది.

రాత్రి తొమ్మిదికల్లా బండిని రోడ్డు దింపి పూర్తిగా పక్కకు పెట్టాలి. లైట్లన్నీ ఆర్పి అరగంట ఊరికే కూర్చోవాలి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పదినిమిషాలకే ‘బాగా కనిపిస్తోంది’ అనిపిస్తుంది గానీ అది సగం పనే. ఈ అరగంట ఓపిక పట్టనివాళ్ళకే చెట్లు నడుస్తాయి.

ఇక్కడ ఒక సంగతి చేసి చూడదగింది. మసగ్గా కనిపించే మోరీ గోడనో, దూరంగా ఉన్న చీరనో సూటిగా చూడండి. మాయమవుతుంది. చూపు కొంచెం పక్కకు జరపండి, మళ్ళీ వస్తుంది. కంటి మధ్యభాగంలో మసక వెలుతురును పట్టే కణాలు లేవు, అవి చుట్టుపక్కల ఉంటాయి. కంటి కొసన కనిపించి, తిరిగి చూస్తే లేకుండాపోయిన ఆకారాల్లో చాలావాటికి కారణమిదే. రెండోది, చిమ్మచీకట్లో ఒంటరిగా ఉన్న చిన్న లైటును నిమిషంపాటు రెప్పార్చకుండా చూస్తే అది అటూ ఇటూ తిరగడం మొదలుపెడుతుంది. దూరంగా ఒక పంపుసెట్టు బల్బు ఉంటే దాన్నే చూడండి. కదిలేది బల్బు కాదని తెలిసి కూడా కదులుతున్నట్టే కనిపిస్తుంది. చుట్టూ పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు కన్ను చేసే పొరపాటిది. అనుమానం వస్తే ఆ లైటును చెట్టుకొమ్మకో స్తంభానికో ఆనించి చూడాలి. నిజంగా కదిలితే కొమ్మను దాటాలి.

లైటు దగ్గరదా, దూరందా తెలియాలంటే పది మీటర్లు పక్కకు నడవాలి. వంద మీటర్ల దూరంలోని లైటయితే వెనకనున్న కొండ అంచుతో పోల్చినప్పుడు దాదాపు 6 డిగ్రీలు జరుగుతుంది. చెయ్యి చాచి బొటనవేలు అడ్డం పెడితే సుమారు 2 డిగ్రీలు, కాబట్టి మూడు వేళ్ళంత జరుగుడు. ఐదు కిలోమీటర్ల అవతలిదయితే చూసేందుకు జరుగుడే ఉండదు. చూసిన ప్రతిదానికీ టైము, దిక్సూచి డిగ్రీలు, నేలకు ఎంత ఎత్తు (చాచిన పిడికిలి సుమారు 10 డిగ్రీలు), రంగు, ఎంతసేపు, గాలి ఎటు అని రాసుకోవాలి. ‘భయంకరంగా ఉంది’ అని రాస్తే తెల్లారి దేనికీ పనికిరాదు.

కళ్ళు మెరిస్తే కంగారు పడక్కర్లేదు, మనిషివి మాత్రం కావు. చీకట్లో చూసే జంతువుల కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, మనిషికి అది లేదు. టార్చిని చెంప పక్కన, కంటికి ఆనుకున్నట్టు పట్టుకుంటేనే ఈ మెరుపు సరిగా కనబడుతుంది. నడుము ఎత్తులో పచ్చగా, నీలంగా రెండు పెద్ద చుక్కలైతే ఎద్దో, గేదెనో. మోకాలి ఎత్తున పసుపుపచ్చగా మెరిసి పక్కకు తిరిగితే నక్క గానీ కుక్క గానీ. నేలకు అంటుకుని సూదిమొనంత నీలి మెరుపులు వందల్లో ఉంటే సాలీళ్ళు. రోడ్డు మధ్యలో ఎర్రటి చుక్క ఉండి, బండి దగ్గరికి రాగానే నేలలోంచి లేచినట్టు మాయమైతే అది నైట్‌జార్ పిట్ట. తారురోడ్డు వేడికీ, పురుగులకూ వచ్చి కూర్చుంటుంది. దాని కూత గట్టినేల మీద వదిలిన చిన్న బంతి ఎగిరెగిరి ఆగినట్టు ఉంటుంది, ‘చుక్, చుక్, చుక్, చుక్ర్‌ర్’.

శబ్దాల్లో ఎక్కువమందిని భయపెట్టేది తీతువు. అది అరిస్తే చావు కబురు వస్తుందన్నది పాత మాట. నేల మీద గూడు పెట్టే పిట్ట కాబట్టి నక్క వచ్చినా, మనిషి వచ్చినా రాత్రీపగలూ లేకుండా అరుస్తుంది. మీరు నిలబడ్డందుకే అరుస్తూ ఉండొచ్చు, నాలుగు అడుగులు వెనక్కి వేసి చూడండి.

అట్లూరు వైపు అడవి అంచున కలివి పొదలు కనిపిస్తాయి. కలివికోడి ఊరు ఇదే. 1900లో అనంతపురం దగ్గర చూసిన తర్వాత ఆ పిట్ట ఇక లేదనుకున్నారు. పగలు వెతికితే దొరకలేదు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానిక వేటగాళ్ళ సాయంతో, ఈ రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్ళీ పట్టుకున్నారు. అది రాత్రి తిరిగే పిట్ట అనీ, టార్చి వెలుగుకు దొరుకుతుందనీ తెలిసింది అక్కడివాళ్ళకే. ఇప్పుడు దాని కోసం పొదల్లోకి దూరడం, ఫోనులో కూతలు వినిపించి పిలవడం చేయకూడదు.

రెండో రోజు: జమ్మలమడుగు, గండికోట

తెల్లారి మళ్ళీ అదే ఐదు కిలోమీటర్లు తిరిగి, రాత్రి రాసుకున్న దిక్కుల్లో ఏముందో చూసి, ఆ తర్వాతే బయల్దేరాలి. మధ్యాహ్నానికి జమ్మలమడుగు. సంగటి తిని కాస్త నిద్రపోవాలి. ఈ నిద్ర తప్పించుకుంటే మూడో రాత్రి దయ్యాలు కచ్చితంగా కనిపిస్తాయి, ఎందుకో అక్కడ చెప్పుకుందాం. గండికోట జమ్మలమడుగుకు 15 కిలోమీటర్లు. పర్యాటకశాఖ హరిత హోటల్లో గది దొరికితే రాత్రి తిరిగి రావాల్సిన పని ఉండదు.

గండికోట దారిలో ఎత్తుగా ఉన్న చోట నిలబడితే చుట్టూ చాలా దూరం కనిపిస్తుంది. కొరివి దయ్యాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. రాత్రి తొమ్మిది దాటాక, దూరాన ఒక లైటు పుడుతుంది. ఒకటే లైటు. కదలదు. నిమిషాల తరబడి అక్కడే ఉంటుంది, కాస్త పెద్దదవుతుంది, ఉన్నట్టుండి ఆరిపోతుంది, లేదా రెండుగా చీలుతుంది. కారు హెడ్‌లైట్ల మధ్య దూరం 1.2 మీటర్ల చిల్లర. మంచి కంటిచూపుకైనా నాలుగు కిలోమీటర్లు దాటితే ఆ రెండూ ఒకటిగా కలిసిపోతాయి. నేరుగా మనవైపు వచ్చే బండి పక్కలకు జరగదు కాబట్టి నిలబడ్డట్టే ఉంటుంది. దగ్గరపడే కొద్దీ రెండవుతుంది. మలుపు తిరిగితే ఆరుతుంది. బైనాక్యులర్స్‌తో చూస్తే ఇంకా ఒకటిగా కనిపించేటప్పుడే రెండు లైట్లు విడిగా తెలుస్తాయి. పగలు మ్యాపులో ఏ రోడ్డు ఏ దిక్కున సూటిగా మన వైపు చూస్తుందో గీసుకుని ఉంచితే, రాత్రి లైట్లలో మూడొంతులు అక్కడికక్కడే తేలిపోతాయి.

మిగిలిన వంతు చిక్కైనది. చలికాలం రాత్రి నేల తొందరగా చల్లబడి, దానినంటిన గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. ఆ రెండు పొరల మధ్య వెలుగు కిందికి వంగుతుంది. కొండ మరుగునో, నేల వంపు అవతలో ఉండి మామూలుగా కనిపించకూడని లైటు పైకి తేలి, వణుకుతూ, రంగు మారుతూ కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో మిన్‌మిన్ లైట్లని ఇలాంటివే ఉన్నాయి. క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ పెటిగ్రూ దాదాపు పది కిలోమీటర్ల దూరంలో కారు లైట్లు వేయించి అదే వింతను మళ్ళీ చూపించి, 2003లో ప్రచురించాడు. అమెరికాలో మార్ఫా లైట్లనేవి దగ్గర్లోని రహదారి హెడ్‌లైట్లేనని 2004లో టెక్సాస్ విద్యార్థులు ట్రాఫిక్‌తో సరిచూసి తేల్చారు. మన పద్ధతీ అదే. ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకరిని ఆ రోడ్డుకు పంపి, హెడ్‌లైట్లు మూడుసార్లు ఆర్పి వెలిగించమంటే సరి. దయ్యం కూడా మూడుసార్లు ఆరి వెలుగుతుంది.

బురదగ్యాసు మండి కొరివి దయ్యమవుతుందని బడిలో చెప్పిన మాటను ఈ ప్రాంతానికి తెచ్చిపెట్టడం సబబు కాదు. దానికి ఏళ్ళ తరబడి కుళ్ళిన తడి నేల కావాలి. ఎండిన చెరువుల సీమలో పొలంలో తిరిగే దీపం చాలాసార్లు మోటారు వేయడానికో, పంది కాపలాకో పోయే రైతు చేతి టార్చి. త్రీఫేజు కరెంటు రాత్రి వచ్చిన రోజుల్లో ఇలాంటి దీపాలు ఊరి చుట్టూ డజన్లు తిరిగేవి. నడిచే మనిషి టార్చి అడుగు అడుగుకూ పైకీ కిందికీ ఊగుతుంది, సెకనుకు దాదాపు రెండుసార్లు. ఊగకుండా జారిపోయేదైతే సైకిలో, బైకో.

కోటలో రాత్రిపూట తిరగొద్దు. అంచుల్లో కంచె లేని చోట్లున్నాయి, కింద పెన్నా లోయ. ధాన్యాగారం, పాత గుళ్ళు చావుపిట్టకు ఇష్టమైన చోట్లు. ఈ గుడ్లగూబ పొట్టంతా తెలుపు, రెక్కలు చాస్తే మూడడుగులు, రెక్క అంచు ఈకలు దువ్వెన పళ్ళలాగా ఉండి గాలిని చీల్చడం వల్ల చప్పుడు రాదు. తల మీదుగా తెల్లగా ఏదో నిశ్శబ్దంగా పోయి, వెంటనే గోడ వెనక ఆడమనిషి కీచుగా అరిచినట్టు వినిపిస్తే ఇదే. లోయ అంచున (దూరంగా నిలబడి) చప్పట్లు కొడితే, అవతలి గోడ వంద మీటర్లుంటే సగం సెకను దాటాక బదులొస్తుంది. అదంతా తెలిసి కూడా నలుగురిలో ఒకరు ‘ఎవరది?’ అంటారు.

కోట గోడల దగ్గరో, పాడుబడ్డ గుడిలోనో నిజంగానే దీపం కనిపిస్తే దగ్గరికి పోవద్దు. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళు అమావాస్య రాత్రులే ఎంచుకుంటారు. వాళ్ళు వదిలిపోయిన నిమ్మకాయలు, కుంకుమ, గొయ్యి తెల్లారి చూసినవాళ్ళకు చేతబడి కథ మొదలవుతుంది. అలాంటప్పుడు 112కు ఫోను చేసి వెనక్కి రావడం ఒక్కటే పని.

గండికోట జలాశయం ముంపులో 2020లో ఖాళీ అయిన తాళ్ళప్రొద్దుటూరు వైపు ఫోను పట్టుకుని ‘దయ్యాల ఊరు’ అంటూ వీడియోలు తీసేవాళ్ళున్నారు. ఆ ఇళ్ళు వదిలినవాళ్ళు దగ్గర్లోని కాలనీల్లోనే ఉన్నారు. వాళ్ళ ఎదుట ఆ మాట అనగలిగితేనే వీడియో తీయండి.

ఫోటోల సంగతి కూడా ఇక్కడే. ఫ్లాష్ వేస్తే తేలే తెల్లటి గుండ్రాలు దుమ్ము, పురుగులు, మంచు తుంపరలు. ఫ్లాష్ కెమెరాకు అంగుళం దూరంలో ఉండటంతో లెన్సు ముందున్న ధూళి మసక బిళ్ళలుగా పడుతుంది. ఫ్లాష్‌కు వేలు అడ్డం పెట్టి మళ్ళీ తీస్తే ఒక్కటీ ఉండదు. నైట్ మోడ్‌లో మూడు సెకన్లు తెరిచి ఉంచిన ఫోటోలో ఒక సెకను నిలబడి తప్పుకున్న మనిషి అద్దంలా పారదర్శకంగా వస్తాడు. ఫ్రేములో ఎక్కడైనా బలమైన లైటు ఉంటే, ఫోటో మధ్యబిందువుకు సరిగ్గా ఎదురుగా ఒక పచ్చని ఆకారం పడుతుంది. లైటు నుంచి మధ్యలోకి గీత గీసి అంతే పొడిగిస్తే ‘ఆత్మ’ దగ్గర ఆగుతుంది.

మూడో రోజు: బెలుం, కొలిమిగుండ్ల, తాడిపత్రి

పొద్దున జమ్మలమడుగు నుంచి కొలిమిగుండ్ల దారిలో బెలుం గుహలు. 3,229 మీటర్లు కొలిచిన గుహ. పగలంతా బయట మండుతున్నా లోపల చీకటి ఎలా ఉంటుందో అక్కడి దీపాల మధ్య నడిస్తే కొంత తెలుస్తుంది. ఎక్కువసేపు ఉండక్కర్లేదు, అసలు పని రోడ్డు మీద.

కొలిమిగుండ్ల, తాడిపత్రి చుట్టూ నాపబండల గనులు, పాలిష్ మిషన్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. రోడ్డు పక్కన బండల ముక్కలు నిలువునా పేర్చి ఉంటాయి, పాలిష్ బురద ఎండి తెల్లటి గుట్టలవుతుంది. మనిషి ఎత్తున నిలబెట్టిన రెండు నాపరాళ్ళు అప్పర్ లైటులో ఎలా కనిపిస్తాయో వేరే చెప్పక్కర్లేదు. పగలే ఆ కుప్పల చోట్లు రాసుకుంటే సరి. వాన పడితే ఆ బురద సబ్బులా జారుతుంది, బైకులు ఎక్కువ పడేది అందుకే.

తెల్లచీర లెక్క ఇక్కడ వేసుకుందాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. చూసి బ్రేకు మీద కాలు పెట్టేసరికి సెకనున్నర, అంటే 33 మీటర్లు. బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 35. మొత్తం 68 మీటర్లు. డిప్పర్ లైటు పనికొచ్చేంతగా పడేది 40 నుంచి 60 మీటర్లు. నల్లటి, ముదురు బట్టల మనిషి పాతిక ముప్పై మీటర్ల దాకా కనిపించకపోవచ్చు. తెల్లబట్టలైతే దానికి రెట్టింపు దూరంలోనే తెలుస్తుంది. రోడ్డు పక్కన రాత్రి నడిచిపోయిన నల్లచీరలను ఎవరూ చూడరు, చూడనిదానికి కథ పుట్టదు. మలుపు దగ్గర ఇంకో సంగతి: బండి తిరిగేటప్పుడు లైటు మలుపు వెలుపలి అంచును ఒక సెకను తుడుచుకుంటూ పోతుంది. అక్కడ బస్సు కోసమో, చెంబు పట్టుకునో నిలబడ్డ ఆమె ఆ ఒక్క సెకను వెలుగుతుంది. డ్రైవరు ఉలిక్కిపడి అద్దంలో చూస్తాడు. వెనక పడేది ఎర్రటి టెయిల్ లైటు మసక వెలుగు మాత్రమే, అందులో పది మీటర్ల అవతల మనిషి కూడా ఆనడు. అద్దంలో లేకపోవడం మాయమైనట్టు కాదు. కావాలంటే మీ ముగ్గురిలో ఒకరు తెల్ల దుప్పటి కప్పుకుని, ట్రాఫిక్ లేని ఖాళీ స్థలంలో నిలబడి పరీక్ష చేయండి. రోడ్డు మీద మాత్రం వద్దు. సరదాకు చేసిన దయ్యం వేషానికి ఎవరైనా చెట్టును గుద్దుకుంటే అది నేరం.

రాత్రి తాడిపత్రి దారిలో ఎదురయ్యేవాటిలో ఒంటికన్నుదే పెద్ద ప్రమాదం. ఒక హెడ్‌లైటు చచ్చిన లారీ, ట్రాక్టరు దూరం నుంచి బైకులా కనిపిస్తుంది. వెలిగేది ఎడమదైతే, అంటే మనకు దూరంగా ఉన్న వైపుదైతే, లారీ వెడల్పు మొత్తం చీకట్లో మన వైపే ఉంటుంది. ఒంటిలైటు దేన్ని చూసినా లారీ అనే అనుకుని ఎడమకు దిగాలి. వెనక దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీ ఇంకో రకం, మన బండి లైటు దాని మీద పడేదాకా అది కనిపించదు. అందుకే రాత్రి 50 దాటొద్దు. 50లో మొత్తం 35 మీటర్లలో ఆగుతుంది, అంటే లైటు పడ్డంత మేర లోపలే.

బైకు వెనక సీటు బరువెక్కిందంటే దిగి వెనక టైరు నొక్కండి. నిదానంగా గాలి దిగుతున్న టైరు బండిని వెనక్కి లాగినట్టే ఉంటుంది, వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది కూడా. టైరు బాగుంటే చైను బిగువు, బ్రేకు పట్టేసిందేమో చూడాలి. అదీ కాకపోతే చీకట్లో తెలియని ఎత్తు ఎక్కుతూ ఉంటారు. పగలు అదే చోట రోడ్డు మీద నీళ్ళు పోసి ఎటు పారతాయో చూస్తే తెలుస్తుంది.

రాత్రి రెండు నుంచి ఐదు దాకా బండి నడపకపోవడమే ఈ ప్రయాణంలో కచ్చితంగా పాటించాల్సింది. కళ్ళు తెరిచే ఉన్నా మెదడు రెండు మూడు సెకన్లు నిద్రలోకి జారుతుంది. 80లో మూడు సెకన్లంటే 67 మీటర్లు ఎవరూ నడపని బండి. నిద్రకూ మెలకువకూ మధ్య కల మొదలై రోడ్డు మీదికి వస్తుంది. ముసలామె అడ్డం వచ్చిందని స్టీరింగు తిప్పినవాళ్ళలో కొందరు ఆ కలనే తప్పించబోయారు. గుర్తులు: గత రెండు కిలోమీటర్లు గుర్తు లేకపోవడం, తల ఒక్కసారిగా వాలడం, రోడ్డు అంచు గరుకు తగలడం. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం పనిచేయవు. బండి ఆపి టీ తాగి ఇరవై నిమిషాలు కునుకు తీస్తే పనిచేస్తుంది. ఏది కనిపించినా స్టీరింగు గట్టిగా తిప్పకుండా, సూటిగా బ్రేకు వేయాలి. దయ్యాన్ని గుద్ది చచ్చినవాళ్ళు లేరు, తప్పించబోయి చెట్టును గుద్దినవాళ్ళున్నారు.

నాలుగో రోజు: అనంతపురం, చెన్నేకొత్తపల్లి, రామగిరి

అనంతపురంలో ఉగ్గాని బజ్జి తిని హైవే మీద చెన్నేకొత్తపల్లి, అక్కడి నుంచి రామగిరి. కొండల మీద గాలిమరలు వరసగా. ఇక్కడి పాత బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. వదిలేసిన గుంతలు, సొరంగాల దగ్గరికి రాత్రి పోనే కూడదు, పగలు కూడా అంచు కింద మట్టి గుల్లగా ఉండొచ్చు. సీమ కొండల్లో ఎలుగుబంట్లూ ఉన్నాయి. అది మనిషిని వెతుక్కుంటూ రాదు, ఎదురుగా హఠాత్తుగా పడితేనే మీద పడుతుంది. కాబట్టి ఇక్కడ గుసగుసలు వద్దు, బండి దగ్గరే ఉండి మామూలుగా మాట్లాడుకుంటూ చూడాలి.

చీకటి పడ్డాక కొండ వరస మీద ఎర్ర దీపాలు వెలిగి ఆరుతుంటాయి. విమానాలకు గుర్తుగా గాలిమర తల మీద పెట్టిన లైట్లవి. ఒక పక్క నుంచి చూస్తే రెక్క అడ్డం వచ్చినప్పుడల్లా దీపం మరుగవుతుంది కాబట్టి మెరుపులో లయ ఉండదు. మంచు పడితే స్తంభం కనిపించదు, దీపం ఒక్కటే ఆకాశంలో వేలాడుతుంది. నిమిషానికి 15 చుట్లు తిరిగే మూడు రెక్కల మర నుంచి నిమిషానికి 45 సార్లు ‘హుష్’ వినిపిస్తుంది. గాలి మన వైపు ఉంటే ఊపిరి తీసినట్టే ఉంటుంది. రాత్రి చల్లగాలి పొర శబ్దాన్ని కూడా నేలకు వంచుతుంది, అందుకే పగలు వినిపించని దూరపు భజన, డప్పు, రైలు రాత్రి పక్కనే ఉన్నట్టు వస్తాయి.

వెంబడించే దీపం గురించి ఇక్కడే చూసుకోవచ్చు. పడమరన గానీ తూర్పున గానీ శుక్రుడు తక్కువ ఎత్తులో ఉన్న కాలమైతే బండితో పాటే పరిగెత్తుతాడు. చెట్లు వెనక్కి పోతుంటే అంత దూరంలో ఉన్నది మాత్రం వెనకపడదు, మనతో వస్తున్నట్టుంటుంది. బండి ఆపితే ఆగుతాడు, వెనక్కి తిప్పితే వెనక్కి వస్తాడు. పదిహేను నిమిషాలు ఒకచోట ఆగి కొండ అంచుతో పోల్చి చూస్తే నాలుగు డిగ్రీలు మునిగో లేచో ఉంటాడు.

పాము కరిచినప్పుడు చేయాల్సింది అందరికీ ముందే తెలిసి ఉండాలి. కోయకూడదు, గట్టిగా కట్టకూడదు, కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కు ఫోను చేయాలి, మంత్రగాడి దగ్గర అరగంట పోగొట్టకూడదు. కట్లపాము కాటు రాత్రిపూట నొప్పి కూడా లేకుండా పడుతుంది, నేల మీద పడుకోవద్దనేది అందుకే.

ఐదో రోజు తెల్లవారుజాము

ఐదున్నరకు మంచు ఉంటే చివరిగా ఒకటి చూడొచ్చు. రోడ్డు దిగి నిలిపిన బండి హెడ్‌లైట్లు వేసి, వాటి ముందు నిలబడి మంచు వైపు చూడండి. నీడ నేల మీద పడకుండా మంచు లోతంతా పడి, తాటిచెట్టంత నల్లటి మనిషి చేతులు కదుపుతూ కనిపిస్తాడు. చెయ్యి ఎత్తితే ఎత్తుతాడు.

తర్వాత పుస్తకం తీసి నాలుగు రాత్రుల రాతలు ఒకదాని పక్కన ఒకటి పెట్టాలి. బండి, పిట్ట, చీర, రైతు, గ్రహం, నిద్ర అని ప్రతిదానికీ ఎదురుగా రాయాలి. దేనికీ సరిపడనిది ఒకటో రెండో మిగులుతుంది. దానికి ఎదురుగా ‘తేలలేదు’ అని రాసి, టైము, దిక్కు, కిలోమీటరు రాయి నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. ఉంటే వచ్చే నెల అదే తిథికి అదే చోటికి పోవచ్చు. లేకపోతే కొట్టేయండి. ఇంటికి బయల్దేరే ముందు మాత్రం డ్రైవరు కనీసం ఆరు గంటలు పడుకోవాలి, లేదంటే చెన్నేకొత్తపల్లిలో బస్సెక్కాలి.